తెరిచి పెట్టిన షెడ్డు

మా తమ్ముడి కొడుకు శ్రీకాంత్ జగిత్యాల బయట, కరీంనగర్ రోడ్డు మీద కార్ల షాపు పెట్టాడు. కార్లు అమ్మే షాపు కాదు, బాగుచేసేదే. కానీ చెడిపోయిన కార్లు అక్కడికి రావట. బాగున్న కారును ఇంకా జోరుగా ఉరికేటట్టు చేయడమే వాడి పని. చాలా ఏళ్లు దుబాయిలో, పందెపు కార్లను విప్పి బిగించే గ్యారేజీలో పనిచేసి వచ్చాడు. "అత్తమ్మా, ఆదివారం ఓపెన్ హౌస్ పెడుతున్న. షాపంత తెరిచిపెడ్త, అందరచ్చి సూసుడే. నువ్వు రాకుంటే సిరిసిల్లకచ్చి ఎత్తుకపోత" అని ఫోన్ చేశాడు. "బాగున్న బండిని బాగుచేసుడేందిరా, నీకేం పనిలేదా?" అన్నాను. "నీకు సమజ్ గాదు తియ్యి" అని నవ్వాడు. నిజమే, ఈ మధ్య నాకు సమజ్ కాని సంగతులు చాలా ఎక్కువయ్యాయి. మా ఆయన పోయినప్పటి నుంచి సిరిసిల్ల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. చుట్టూ పవర్‌లూమ్‌ల మోత. కొత్తగా వచ్చినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారు. నాకేమో కరెంటు పోయి ఆ మోత ఆగిందంటే భయం వేస్తుంది, ఇంట్లో అంతవరకు మాట్లాడుతున్న మనిషి లేచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. అందుకే పిలిచింది చాలని, ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కాను.

పోయి చూస్తే రోడ్డుకు అటూ ఇటూ కార్లే. ఇబ్రహీంపట్నం, పెగడపల్లి, బుగ్గారం నుంచి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు, బామ్మర్దులు, అందరూ కొత్త పెళ్లికొడుకుల్లా తయారై వచ్చారు. లోపల కార్లన్నీ బానెట్లు ఎత్తి వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. గ్రీజు వాసన లేదు, డీజిల్ వాసన లేదు, ఏదో మల్లెపూల సెంటు కొట్టారు. ఒక మూల నేలలో రోలర్లు బిగించి, వాటి మీద ఒక ఎర్ర కారును ఎక్కించి, గొలుసులతో కట్టేసి, నిలబడ్డచోటే ఉరికిస్తున్నారు. దాని బలమెంతో గోడ మీది టీవీలో అంకెలు కనబడుతున్నాయి. ఆ మోతకు నా గుండెలు అదిరాయి. అంకె పెరిగిన కొద్దీ పిల్లలు ఫోన్లు పైకెత్తి ఈలలు వేస్తున్నారు. "ఎందుకు నాయినా ఈలలు? కారు ఇక్కడనే ఉన్నది గద" అని పక్కనున్న పిల్లవాణ్ని అడిగాను. వాడు నా మొహంలోకి జాలిగా చూసి, "ఆంటీ, ఓ సమోస తినుండ్రి" అన్నాడు.

సమోసా పట్టుకుని తిరుగుతుంటే ఎదురుగా గోడ మీద మా నాయన కనబడ్డాడు. పెద్ద ఫోటో, పూలదండ, కింద దీపం. చిన్న ఫోటోను పెద్దగా చేయించినట్టున్నారు, మొహమంతా మెత్తబడింది, కళ్లు మాత్రం ఆయనవే. శ్రీకాంత్ మైకు పట్టుకుని, "మా తాత నర్సయ్య. కోరుట్లల పెద్ద మెకానిక్. ఆయన షెడ్డు కాడ ఎప్పుడు సూసినా జనమే. దసరాకైతె ఊరంత ఆన్నే ఉంటుండె. గా చెయ్యే నాకచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు అబద్ధం చెప్పలేదు, వాడికి అంతవరకే తెలుసు. వాళ్ల నాన్నకు, అంటే మా తమ్ముడికి, ఆ షెడ్డుకు జనం రావడం ఆగిన నాటికి ఇంకా పాలపళ్లే. మా ఇంట్లో ఆ సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. "మా అత్తమ్మ టీచర్ చేసి రిటైరైంది, తాత ముచ్చట రెండు ముక్కలు చెప్తది" అని వాడు మైకు నా చేతికిచ్చాడు. జీవితమంతా పిల్లల ముందు నిలబడి గొంతు చించుకున్నదాన్ని. ఆ రోజు మాత్రం, "మా నాయినకు మాట్లాడుడు రాకుండె, నాకు సుత రాదు" అని మైకు తిరిగిచ్చేశాను. అందరూ అదేదో హాస్యమనుకుని నవ్వారు. నేను బయటికొచ్చి ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అంత మందిలో నాకు కోరుట్ల షెడ్డు యాదికొచ్చింది.

కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద ఉండేది మా షెడ్డు. ముందు రేకుల షెడ్డు, వెనుక పెంకుటిల్లు. రెండింటికీ నడుమ తలుపుండేది కాదు, గోనెపట్టా ఒకటి వేలాడేది. అందుకే మా పప్పులో కూడా కొంచెం డీజిల్ వాసన ఉండేది. నాయన జగిత్యాలలో ఒక తురక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడట. ఆ ఉస్తాద్ అలవాట్లన్నీ ఈయనకూ వచ్చాయి. చాయ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. విప్పిన బండి స్టార్టయ్యేదాకా అన్నం ముట్టేవాడు కాదు. అమ్మ కంచంలో వడ్డించి మూతపెట్టి, గోనెపట్టా పక్కకు జరిపి, "ఇగ తినవా, బండి నిన్ను తింటదా?" అని అరిచేది. ఆయన పలికేవాడు కాదు. మనుషులతో ముక్తసరిగా ఉండేవాడు గానీ ఇంజన్లతో మాత్రం బాగా మాట్లాడేవాడు. బానెట్ ఎత్తి, లోపలికి వంగి, "ఏం బిడ్డా, ఏం తకలీఫైంది నీకు?" అనేవాడు. చిన్నప్పుడు నన్నే పిలిచాడనుకుని ఉరికి పోయేదాన్ని. సాయంత్రం పని అయిపోయాక రంపపు పొట్టులో కిరసనాయిలు కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల సందున నల్లగానే ఉండేది. ఆ చేత్తోనే నా తల నిమిరేవాడు. నేను విదిలించుకునేదాన్ని, బడిలో పిల్లలు వాసన చూస్తారని.

షెడ్డుకు ముందు చూరు కింద కొంచెం నీడ ఉండేది. అది మా అమ్మది, రాజవ్వ పెద్దమ్మది. రాజవ్వ మా చుట్టం కాదు, రోడ్డుకు అవతల ఎదురిల్లు. వాళ్లు సాలోళ్లు. ఆమె పెనిమిటి, మాకు పెద్దనాయన, మగ్గం నడవక బొంబాయి దిక్కు భీవండికి పోయి, అక్కడే జబ్బు చేసి పోయాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకును బీడీలు చేసి సాదింది. పొద్దున వంట కాగానే ఇద్దరూ చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, షెడ్డులోని గ్రీజు కలిసి ఒక వాసన వచ్చేది. దానికి పేరు లేదు, నాకది ఇంటి వాసన. కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ, ఒక్కసారి కూడా చేతులవైపు చూడకుండా ఊరందరి ముచ్చట్లు చెప్పుకునేవారు. రాజవ్వ నోరు పెద్దది. మా నాయనను కూడా వదిలేది కాదు. "ఏం నర్సయ్యా, నా మరిదివని ఊకుంటున్న. నీ బండి పొగతోటి నా బీడీలన్ని ఉత్తగనే కాలిపోతున్నయ్" అనేది. నాయన పక్కకు తిరిగి నవ్వుకునేవాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆమె మాటలకే.

ఆమె కొడుకు మల్లేశం. నాకు అన్న వరస. నాయనను 'కాకా' అనేవాడు. మా షెడ్డులోనే స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాడు. బడికి పోయేటప్పుడు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని, గుంతలన్నీ వెతికి మరీ తోలేవాడు, నేను అరవాలని. జగిత్యాలలో కాలేజీలో చేరిన తర్వాత కొద్ది కొద్దిగా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినప్పుడు నవ్వేవాడు గానీ సైకిల్ ఎక్కించుకునేవాడు కాదు. ఒక ఎండాకాలం మొత్తానికే కనబడకుండా పోయాడు. లోపలికి పోయాడన్నారు. ఆ రోజుల్లో లోపలికి పోయాడంటే అడవిలోకి అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాజవ్వ మాత్రం ఎవరడిగినా, "బొంబాయి పోయిండు, మిల్లుల పనికి" అని చెప్పేది. అబద్ధమని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు.

అప్పటి భయం ఇప్పటి పిల్లలకు చెబితే కథలనుకుంటారు. మా షెడ్డుకు అన్ని రకాల బండ్లూ వచ్చేవి. దొరల జీపులు, సర్కారు జీపులు, ధాన్యం లారీలు. ఎవరి బండో అడగడం నాయనకు లేదు. పోలీసు జీపు బాగుచేయొద్దని ఒక దిక్కు నుంచి మాట వచ్చేది, ఎందుకు బాగుచేయవని ఇంకో దిక్కు నుంచి మాట వచ్చేది. నాయన రెండూ విని తల ఊపి, మళ్లీ బండి కిందికి దూరేవాడు. ఊళ్లో మాత్రం ఒక మాట అందరి నోటా ఉండేది. పట్టుబడ్డవాడు పొద్దుండగా, నలుగురూ చూస్తుండగా స్టేషన్లో పడితే దెబ్బలు తిన్నా బతుకుతాడు. చీకటి పడేదాకా దారిలో ఉంటే బతకడు. ఇది ఏ బళ్లోనూ చెప్పలేదు. మేం అందరం ఒకరి నుంచి ఒకరం నేర్చుకున్నాం, అదే నిజమని నమ్మాం. అందుకే ఎవరి పిల్లవాణ్నైనా పట్టుకుపోయారని తెలిస్తే ముందు అడిగే మాట, "పొద్దుండంగనేనా?" అని.

ఆ రోజు ఒంటిపూట బడి. నేను ఇంటికొచ్చి అన్నం తిని, చూరు కింద అమ్మ పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తున్నాను. రాజవ్వ చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు పోయింది, అక్కడ వాటిని చూసి తీసుకుని మళ్లీ ఆకు, తంబాకు ఇస్తారు. మెట్‌పల్లి దిక్కు నుంచి ఒక పోలీసు జీపు దగ్గుకుంటూ వచ్చి సరిగ్గా మా షెడ్డు ముందు ఆగిపోయింది. మా ఊరిది కాదు, ఎక్కడి జీపో తెలియదు. ముందు నుంచి అధికారి దిగి, "ఏయ్ మిస్త్రీ, జల్ది సూడు" అన్నాడు. నాయన బయటికొచ్చాడు. జీపు వెనుక ఇద్దరు జవాన్ల నడుమ, చేతులు కట్టేసి, మల్లేశం కూర్చుని ఉన్నాడు.

గడ్డం పెరిగింది, పెదవి పగిలింది. అమ్మ చేతిలోంచి చాట జారి తంబాకంతా కింద పడింది. నాయన మల్లేశాన్ని చూశాడు, చూడనట్టే బానెట్ ఎత్తాడు. డీజిల్ పైపు ఒకచోట చిట్లి, లోపలికి గాలి పట్టింది. పైపు మార్చి, పట్టిన గాలిని తీసేస్తే బండి నడుస్తుంది. పైపు మా షెడ్డులో ఉంది. లేదనీ చెప్పొచ్చు. జగిత్యాల నుంచి తెప్పించాలంటే పొద్దు గూకేదాకా జీపు అక్కడే ఉండేది. అధికారి, ఒక జవాను పక్కనున్న చాయ హోటల్ బెంచీ మీద పోయి కూర్చున్నారు. నాయన నన్ను పిలిచి, "నీళ్లియ్యి" అన్నాడు. ఎవరికో చెప్పలేదు. నేను కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి జీపు వెనక్కి పోయాను. కావలి ఉన్న జవాను ఒక నిమిషం నన్ను చూసి, పోనీలే అన్నట్టు మొహం అటు తిప్పుకుని బీడీ ముట్టించాడు. మల్లేశం చేతులు కట్టి ఉన్నాయి కదా, నేనే తాగించాను. సగం నీళ్లు గడ్డం మీదుగా అంగీ మీద పడ్డాయి. "మంచిగ సదువుకుంటున్నవా చెల్లె?" అన్నాడు. అప్పుడే నాయన పైపు ఎక్కడిదాకా పాడైందో చూడడానికి జీపు పక్కనుంచి వంగాడు. మల్లేశం అటు చూడకుండానే, పెదవులు కదిపీ కదపకుండా, "కాకా, పొద్దుండంగనే స్టేషన్ల పడాలె. జల్ది కానియ్యి" అన్నాడు. నాయన తల ఎత్తలేదు. నేను విన్నాను, ఆయన విన్నాడు, ఇంకెవరూ వినలేదు.

అంత తొందరగా పనిచేయడం ఆయన జన్మలో నేను చూడలేదు. ఇంజన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. పైపు తెచ్చాడు, కోశాడు, బిగించాడు, గాలి తీశాడు. చేతికి పానా తగిలి నెత్తురు కారుతున్నా తుడుచుకోలేదు. మధ్యలో రెండుసార్లు తల ఎత్తి పొద్దెంత ఉందో చూశాడు. రోడ్డుకు అటువైపు అప్పటికే జనం గుమిగూడారు. వాళ్లకు కనబడింది ఒకటే, కట్టేసి ఉన్న మల్లేశం, వాణ్ని మోసుకుపోయే బండిని చెమటలు కక్కుతూ బాగుచేస్తున్న నర్సయ్య. ఎవరో ఒకాయన కార్ఖానాకు ఉరికాడు రాజవ్వను తీసుకురావడానికి. జీపు స్టార్టయింది. ఎండ ఇంకా రేకుల మీద తళతళ మెరుస్తూనే ఉంది. జీపు జగిత్యాల రోడ్డు పట్టి పోయింది. దాని దుమ్ము ఇంకా అణగక ముందే రాజవ్వ గంప ఎక్కడో పారేసి, చెప్పులు లేకుండా ఉరికొచ్చింది.

బజారంతా ఒక్కసారి మాట్లాడింది. ఎట్లా ఉన్నాడో, ఏ అంగీ తొడుక్కున్నాడో, నీళ్లు తాగాడని, తాగించింది నేనని, బండి చెడిపోతే నర్సయ్య బాగుచేసి పంపాడని. ఆమె అన్నీ విన్నది. విని మా నాయన ముందుకొచ్చి నిలబడింది. "ఇంకింత సేపు ఆపకపోయినవా నర్సయ్యా? నా కొడుకు మొఖం సూసుకుంటుంటి గద. ఒక్క పానా దాసిపెడితే నీ సొమ్మేం పోతుండె?" అన్నది. నాయన చేతిలో బట్టతో నెత్తురు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "వదినె, పొద్దుగాల స్టేషన్‌కు పోదాం, నేనస్త" అన్నాడు, అంతే. కానీ జీపు ఏ స్టేషన్‌కూ పోలేదట. మధ్యలో ఎక్కడో దారి మళ్లింది. మల్లేశం సంగతి మాకు పేపర్లో తెలిసింది, ఎదురుకాల్పులని. ఆ పేపరు చూసి నాయన షెడ్డులో ఒక టైరు మీద కూర్చుని, లేవమంటే లేవలేదు. నేను పక్కన చేరి ఏడుస్తూ, "నాయినా, అన్ననే గద జల్ది కానియ్యిమన్నడు. పెద్దమ్మకు చెప్పొస్త" అన్నాను. ఆయన నా రెండు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "గా మాట ఎవ్వలకు చెప్పకు. ఎన్నడు చెప్పకు. నా మీద ఒట్టు బిడ్డా" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు.

మా షెడ్డుకు ఎవరూ పోవద్దని ఎవరూ చాటింపు వేయలేదు. జనమే రావడం మానేశారు. ఊరివాళ్ల బండ్లన్నీ ఇంకో షెడ్డుకు పోయాయి. మా సంగతి తెలియని దారినపోయే లారీలే మాకు తిండి పెట్టాయి. చూరు కింద అమ్మ ఒక్కతే కూర్చుని బీడీలు చేసేది. అప్పుడప్పుడు అలవాటు కొద్దీ పక్కకు తిరిగి ఏదో అనబోయి, ఖాళీ జాగా చూసి ఊరుకునేది. ఆ ఏడు దసరా వచ్చింది. శ్రీకాంత్ చెప్పిన దసరా నిజమే, అంతకు ముందు ప్రతి ఏడూ అట్లాగే ఉండేది. పానాలన్నీ కడిగి, కొత్త బట్ట మీద పరిచి, పసుపు కుంకుమ పెట్టి, షెడ్డు తలుపులు బార్లా తెరిచేవాడు నాయన. ఊళ్లోని బండ్లన్నీ దండలు వేసుకుని వరస కట్టేవి. గుమ్మడికాయలు పగిలేవి, పిల్లలందరికీ పుట్నాలు, బెల్లం పెట్టేవాళ్లం. సాయంత్రం జమ్మికి పోయి వచ్చినవాళ్లు ముందు మా షెడ్డుకొచ్చి, ఆకు నాయన చేతిలో పెట్టి 'బంగారం' అని అలుముకునేవారు. ఆ ఏడు కూడా ఆయన ఏదీ తక్కువ చేయలేదు. పానాలు కడిగాడు, తలుపులు తెరిచాడు. అమ్మ పుట్నాల పళ్లెం పట్టుకుని నిలబడింది. మబ్బు పట్టని ఎండలో రోడ్డు మీద బండ్లు దండలతో పోతూనే ఉన్నాయి, మా ముందు ఒక్కటీ ఆగలేదు. సాయంత్రం నాయన జమ్మికి పోయి, తానే తెంపుకున్న ఆకు పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చాడు. ఊళ్లో ఎవరూ ఆయన చేతిలో ఆకు పెట్టలేదు, ఆయన పెట్టబోతే ఎవరూ చెయ్యి చాపలేదు. నేను ఆయన పిడికిట్లోని ఆకే తీసుకుని, ఆయన చేతిలోనే పెట్టి కాళ్లు మొక్కాను. నాకు దుఃఖం ఆగలేదు. ఊరందరి మీద కోపం, నోరు కట్టేసిన ఆయన మీద అంతకంటే ఎక్కువ కోపం.

ఇక రాజవ్వ. పొద్దున నాయన షెడ్డు తలుపు తీసిన చప్పుడు వినగానే ఆమె గడపలోకి వచ్చి మొదలుపెట్టేది. "నీ చేతులు పడిపోను! నీ షెడ్డు మీద పిడుగు పడ! నా కొడుకును చేతులార సాగదోలితివి గదరా" అని రోడ్డంతా వినబడేటట్టు తిట్టేది. తిట్టి తిట్టి అలిసి, లోపలికి పోయి పొయ్యి రాజేసుకునేది. ఇది ఒక రోజు కాదు, ఒక నెల కాదు, నాకు పెళ్లయ్యేదాకా, అయ్యాక కూడా. ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. షెడ్డు ఇంకో దిక్కుకు మారుద్దామని అమ్మ మొత్తుకున్నది. నాయన మారలేదు, కనీసం కొంచెం పొద్దెక్కాక తలుపు తీద్దామన్నా వినలేదు. ఒకసారి ఆయనకు బాగా జ్వరం వచ్చి షెడ్డు తెరవలేదు. రాజవ్వ గడపలోకొచ్చి చూసింది, మళ్లీ వచ్చి చూసింది. చివరకు చాయ హోటలాయనను పిలిచి, "ఇయ్యాల తెరవలేదేందుల్లా?" అని అడిగింది. ఆ మాట నేను నవ్వుతూ పోయి నాయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. దుప్పటి కప్పుకునే లేచి, గోడ పట్టుకుని నడిచి, పోయి తలుపు తీశాడు. ఆమె మొదలుపెట్టింది. ఆయన తలుపుకు ఆనుకుని, అయిపోయేదాకా నిలబడి, మళ్లీ వచ్చి పడుకున్నాడు. ఇదేం మొండితనమని నేను తల కొట్టుకున్నాను. పోలీసులకు భయపడి ఆ మాట దాచాడేమో అనుకున్నాను కొన్నాళ్లు. తర్వాత ఎవరికీ సంజాయిషీ చెప్పుకోని పొగరనుకున్నాను. ఆయన పోయేనాటికి కూడా అసలు సంగతి నాకు తెలియలేదు. రాజవ్వ చూడడానికి కూడా రాలేదు. అప్పటికి తమ్ముడు జగిత్యాలలో ఉద్యోగంలో ఉన్నాడు. షెడ్డు అమ్మేశారు. ఇప్పుడక్కడ మొబైల్ ఫోన్ల దుకాణం.

ఆదివారం ఆ కుర్చీలో కూర్చుంటే ఇదంతా గుర్తొచ్చింది. లోపల పిల్లలు ఈలలు వేస్తూనే ఉన్నారు. ఎవరి కారు, ఎవరు బాగుచేశారు, ఎవరి కోసం, ఈ ప్రశ్నలు ఇప్పుడు ఎవరూ వేయరు. అది మంచిదే, నాకేం ఏడుపు లేదు. కానీ గోడ మీది ఆ మెత్తని ఫోటో తలుచుకుంటే కోపం వచ్చింది. ఆయనకు పూలదండ వేసిన వీళ్లకు ఆయన ఎన్నేళ్లు ఒంటరిగా నిలబడ్డాడో తెలియదు. మల్లేశం అన్న మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అమ్మ కూడా పోయింది. రాజవ్వ ఇంకా ఉందని తమ్ముడు ఎప్పుడో అన్నాడు. ఒట్టు పెట్టిన మనిషే లేడు, ఇక ఒట్టేంది? బతికుండగానే ఆమెకు ఆ మాట చెప్పాలి, నర్సయ్య తప్పు లేదని ఒక్కరైనా ఒప్పుకోవాలి అనుకున్నాను. శ్రీకాంత్‌తో చెప్పకుండా లేచి, సిరిసిల్ల బస్సు వదిలేసి, కోరుట్ల బస్సెక్కాను.

ఇల్లు అదే. గడప సిమెంటుదైంది. రాజవ్వ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి పిడికెడు అయిపోయింది. ఒళ్లో చాట లేదు గానీ వేళ్లు ఊరికే ఏదో చుడుతున్నట్టు కదులుతున్నాయి. "ఎవలు?" అన్నది. "నర్సయ్య బిడ్డను పెద్దమ్మా. సుజాతను" అన్నాను. ముందుకు వంగి చూసింది. తిడుతుందనుకున్నాను. "కూసో. బువ్వ తిన్నవా?" అన్నది. ఎదురుగా మొబైల్ దుకాణంలో ఏదో పాట పెద్దగా పెట్టారు. ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియక, "నాయిన పోయిన్నాడు నువ్వు రాలేదు పెద్దమ్మా" అన్నాను. అడగాల్సింది అది కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"రాలే. ఏం మొఖం పెట్టుకొని అస్త? ఇంట్లనే కూసొని ఏడ్చిన. మా ఆయిన పోయిన్నాడు సుత గంతగనం ఏడ్వలే" అన్నది. కొంగుతో మూతి తుడుచుకుంది. "తెల్లారి లేసి గడపలకచ్చిన. షెడ్డు మూసున్నది. అప్పుడు సమజైంది బిడ్డా. పోలీసోళ్లను తిట్టెటంత దానిని కాదు. దేవున్ని తిడితె ఆయినకు ఇనవడదాయె. కొడుకును తిట్టుకుందామంటె నోరు రాదు. మీ నాయిన ఇంటుండె. గన్నేండ్లు తలుపు కాడ నిలవడి, ఒక్క మాట ఎదురనకుంట, నేనన్నదంత ఇన్నడు. మా ఇంట్ల నా మాట ఇనెటోడు ఎవడున్నడు? గా ఒక్కడే. ఇప్పుడు ఎవల్ని తిట్టాలె?"

నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను. కొడుకే తొందరపెట్టాడని తెలిస్తే ఆ తిట్లన్నీ వాడి మీదికే పోతాయి, ఈమెకు ఆ కొడుకు కూడా మిగలడు. అన్నేళ్లుగా నేను పొగరనుకున్నదీ, భయమనుకున్నదీ ఏమిటో ఆ గడపలో కూర్చుంటే గానీ నాకు తెలియలేదు. ఆ మాట ఇక నాతోనే పోతుంది, అనుకున్నాను. అనుకోగానే నా చుట్టూ ఎవరూ లేనట్టయింది.

"నన్ను తిట్టు పెద్దమ్మా. ఆయిన బిడ్డనే గద" అన్నాను.

ఆమె నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నిన్నెట్ల తిడ్త బిడ్డా? నువ్వు వానికి నీళ్లు తాపినదానివి."